సిలువ వేసిన రోమ్ సిలువకు ఎలా మొక్కింది?

మీరు అడిగింది ఇది: యేసును సిలువ వేసిన రోమన్లే, ఆయన అనుచరులను మృగాలకు వేసిన రోమన్లే, మూడు వందల ఏళ్లు తిరిగేసరికి ఆయనకు ఎలా మొక్కారు? కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఒక్కడు మారితే దేశమంతా మారిపోయిందా, లేక కత్తి చూపించి మార్చారా?

డిగ్రీ విద్యార్థులకు ఇరవై రెండేళ్లు ప్రపంచ చరిత్ర చెప్పాను. ఈ ప్రశ్నకు నేను దిద్దిన జవాబుల్లో చాలావాటిలో ఒకటే వాక్యం ఉండేది: “క్రీ.శ. 313లో కాన్‌స్టాంటైన్ క్రైస్తవాన్ని అధికార మతంగా ప్రకటించాడు.” ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన “కాదు” అని రాసి రాసి విసుగెత్తింది. 313లో క్రైస్తవానికి దక్కింది అనుమతి మాత్రమే. అధికార మతం అయింది 380లో. అప్పటికి కాన్‌స్టాంటైన్ చనిపోయి నలభై మూడేళ్లు. మీకు కావలసిన సమాధానం ఈ రెండు తేదీల మధ్య కొంత, వాటికి ముందున్న రెండున్నర శతాబ్దాల్లో కొంత ఉంది.

ముందు రోమన్ మనిషికి దేవుడంటే ఏమిటో చూడాలి. ఇంట్లో లారెస్ అనే ఇలవేల్పులు, వాళ్లకు కాస్త ధూపం, కాస్త ద్రాక్షసారా. ఊరికో దేవత, పొలం గట్టుకో దేవుడు. తలుపుకు ఒకరు, గడపకు ఒకరు, తలుపు బందుకు ఇంకొకరు. ఏటా ఫిబ్రవరిలో పితరుల సమాధుల దగ్గరికి వెళ్లి ఆహారం పెట్టి వచ్చేవారు. తద్దినాలు పెట్టే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇందులో వింత ఏమీ కనిపించదు. వీటిలో దేనికీ “నేను నమ్ముతున్నాను” అని ఎవరూ చెప్పనక్కరలేదు. చేయవలసిన క్రతువు చేయవలసిన రోజున లోపం లేకుండా జరిగితే దేవతలు శాంతిస్తారు, దేవతలు శాంతిస్తే ఊరు చల్లగా ఉంటుంది. పరాయి దేవతలంటే అభ్యంతరం కూడా లేదు. కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం సాగుతున్న రోజుల్లో, క్రీ.పూ. 204లో, ఆసియా మైనర్ నుంచి సిబెలె మాతను నల్లరాయి రూపంలో ఓడ మీద తెప్పించి రోమ్‌లో నిలుపుకున్నారు. తర్వాత ఈజిప్టు నుంచి ఐసిస్ వచ్చింది. సైనికులు మిత్రాస్‌ను కొలిచారు.

క్రీస్తును కూడా ఇంకో గూట్లో పెట్టి రెండు పూలు వేయమంటే రోమన్లు కాదనేవారు కారు. చిక్కు అటువైపు నుంచి వచ్చింది. ఈయనకు మొక్కేవాళ్లు మరెవరికీ మొక్కరు. ఇలవేల్పుకు ధూపం వేయరు, చక్రవర్తి క్షేమం కోరి బలి ఇవ్వరు, గుడిలో బలి ఇచ్చిన మాంసం ముట్టరు. యూదులూ అంతే కదా అని మీరు అడగవచ్చు. యూదులది తాతముత్తాతల నాటి ఆచారం, పాతదంటే రోమన్లకు గౌరవం. వీళ్లది నిన్నమొన్నటి వ్యవహారం, పైగా సొంత పెద్దల ఆచారం వదిలేసి వచ్చినవాళ్లు. అందుకే జనం క్రైస్తవులకు ఒక పేరు పెట్టారు, ఇప్పుడు వింటే నవ్వొస్తుంది: నాస్తికులు.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి, చివరిదాకా పనికొస్తుంది. రోమన్ గుడికి భక్తులు ఉండేవారు గాని సభ్యులు ఉండేవారు కాదు. గుడి ఖర్చు ప్రభుత్వానిది, ఊరి పెద్దలది, మాన్యాలది. పెద్ద పూజారులు చాలావరకు రాజకీయ నాయకులే. జూలియస్ సీజర్ ప్రధాన పూజారి పదవికి ఎన్నికల్లో నిలబడి గెలిచాడు. ఫలానా గుడివాళ్లం మేము ఇంతమందిమి, మాలో ఎవరికి జబ్బు చేసింది, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు అని చూసుకునే ఏర్పాటు అక్కడ లేదు. క్రైస్తవులకు మొదటి రెండు శతాబ్దాల్లో చెప్పుకోదగ్గ గుడి లేదు గాని, ఈ లెక్క మాత్రం ఉంది.

మొదట్లో జనం వాళ్లను చూసి నవ్వారు. రోమ్‌లో పాలటైన్ కొండ మీద, రాజభవనానికి చెందిన ఒక కట్టడంలో, గోడ సున్నం మీద ఎవరో మేకుతో గీరిన బొమ్మ దొరికింది. సుమారు క్రీ.శ. 200 నాటిది. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యెత్తి మొక్కుతున్న కుర్రాడు, పక్కన వంకరటింకర గ్రీకు అక్షరాల్లో “అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు” అన్న వెక్కిరింత. సిలువ అంటే బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. దేవుడు అలా చచ్చాడని చెప్పుకోవడం వాళ్ల కంటికి ఉరికంబానికి హారతి ఇచ్చినట్టే. రెండో శతాబ్దపు తత్వవేత్త కెల్సస్ కూడా ఎగతాళి చేశాడు: ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు ఇంటి యజమాని ముందు నోరెత్తరట, పిల్లలూ ఆడవాళ్లూ ఒంటరిగా దొరికితే చాలు బోధ మొదలుపెడతారట. ఎగతాళే గాని, కొత్త మతం ఏ దారిన వస్తోందో కెల్సస్ సరిగ్గానే కనిపెట్టాడు. అది సింహద్వారం దగ్గర ఆగలేదు, పెరటి తలుపు గుండా వంటింట్లోకి వచ్చింది.

హింస గురించి ఒక దురభిప్రాయం తీసేయాలి. మూడు వందల ఏళ్లు ఏకధాటిగా సింహాలకు వేస్తూ పోలేదు. 64లో రోమ్ తగలబడినప్పుడు నీరో ఆ నిందను క్రైస్తవుల మీదికి నెట్టి దారుణంగా చంపించాడు. అది రోమ్ నగరంలో, ఆ ఒక్కసారి. ఆ తర్వాత సుమారు రెండు శతాబ్దాలు ఎక్కడ గొడవ లేస్తే అక్కడే. 177లో లియోన్‌లో, 203లో కార్తేజ్‌లో. ప్రభుత్వం వైఖరి ఎలా ఉండేదో తెలియాలంటే 112 ప్రాంతంలో బిథినియా గవర్నరు ప్లీనీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం చదవాలి. నల్లసముద్రం ఒడ్డున ఉన్న ప్రాంతం అది. క్రైస్తవులని పట్టుకొస్తున్నారు, వీళ్లను ఏం చేయాలో నాకు తెలియడం లేదు అంటాడు ప్లీనీ. మూడుసార్లు అడుగుతాడట; మూడుసార్లూ అవునంటే శిక్షకు పంపుతాడట. విషయం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించాడు. వాళ్లు ఆ సంఘంలో పరిచారికలు. తేలింది ఏమిటంటే, ఒక నియమిత రోజున తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిలా స్తుతిస్తూ పాడుకుంటారు, దొంగతనం చేయబోమని, మాట తప్పబోమని ఒట్టు పెట్టుకుంటారు, తర్వాత కలిసి భోజనం చేస్తారు. అంతే. ప్లీనీకి అసలు బాధ మరోచోట ఉంది: గుళ్లు ఖాళీ అయ్యాయి, బలి మాంసం కొనే నాథుడు లేడు. ట్రాజన్ జవాబు నాలుగు ముక్కలు: వెతికి పట్టుకోకు, పేరు లేని ఆకాశరామన్న ఉత్తరాలు తీసుకోకు, ఎవరైనా నిరూపిస్తే శిక్షించు, మన దేవుళ్లకు మొక్కి క్షమించమంటే వదిలేయి.

ఇంత అడ్డంకి ఉన్నా సంఖ్య ఎలా పెరిగింది? దీనికి ఒక అమెరికన్ సమాజ శాస్త్రవేత్త చక్రవడ్డీ లెక్క వేశాడు. క్రీ.శ. 40లో వెయ్యి మంది అనుకోండి. పదేళ్లకు నలభై శాతం చొప్పున, అంటే ఏడాదికి మూడున్నర శాతం కూడా లేకుండా పెరుగుతూ పోతే, కొన్నేళ్ల కిందటి మన బ్యాంకు పొదుపు ఖాతా వడ్డీ అంత అన్నమాట, 200 నాటికి 2 లక్షల పైచిలుకు, 250 నాటికి దాదాపు 12 లక్షలు, 300 నాటికి 63 లక్షలు అవుతారు. సామ్రాజ్య జనాభా సుమారు 6 కోట్లు అనుకుంటే నూటికి పదిమంది. మొదటి వెయ్యి ఊహే, వడ్డీ రేటూ ఊహే. అయినా ఈ లెక్క నాకు ఇష్టం, ఎందుకంటే ఇందులో సామూహిక మతమార్పిడులూ అక్కరలేదు, మహిమలూ అక్కరలేదు. ఒక్కో ఇంట్లో కోడలు, ఆమె చెప్పగా పిల్లలు, వాళ్ల ద్వారా పక్కింటివాళ్లు చేరితే చాలు. మొదట నూట యాభై ఏళ్లు ఎవరి కంటికీ ఆనరు. చక్రవడ్డీ స్వభావమే అంత.

కంటికి ఆనే రోజు 250లో వచ్చింది. సరిహద్దుల్లో ఓటములు, నాణెంలో వెండి తగ్గిపోవడం, ఏటేటా చక్రవర్తులు మారడం. దేవతలు అలిగారని నమ్మిన డేసియస్ చక్రవర్తి, సామ్రాజ్యంలో ప్రతి ఒక్కరూ అధికారుల ముందు బలి ఇచ్చి రసీదు తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. ఆ రసీదులు పపైరస్ కాగితాల మీద ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. ఒకదానిలో ఉన్నది దాదాపు ఇలా: ఊరి బలుల పర్యవేక్షకులకు, అలెగ్జాండర్ ద్వీపం అనే ఊరికి చెందిన ఆరేలియస్ డయోజెనిస్, వయసు 72, కుడి కనుబొమ మీద మచ్చ, విన్నవించుకునేది: నేను ఎల్లప్పుడూ దేవతలకు బలులు ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట ఆజ్ఞ ప్రకారం బలి ఇచ్చాను, ధార పోశాను, ప్రసాదం తిన్నాను, ధ్రువీకరించ ప్రార్థన. కింద అధికారి చేవ్రాలు, తేదీ. కనుబొమ మీది మచ్చను గుర్తింపు చిహ్నంగా రాయించుకున్న ఆ ముసలాయన క్రైస్తవుడో కాదో మనకు తెలియదు. ఇంకో రసీదు పెటెసూకోస్ అనే మొసలి దేవుడి పూజారిణిది. దేవుడి పూజారిణి కూడా తాను దేవుళ్లకు మొక్కుతానని వరుసలో నిలబడి కాగితం రాయించుకోవలసి వచ్చింది.

దీనిలోని విపరీతం గమనించండి. అంతవరకు రోమన్లలో ఫలానా మతం మనిషి అనే లెక్కే లేదు. డేసియస్ పెట్టిన ఆజ్ఞతో మొదటిసారి ప్రతి మనిషీ ఇటో అటో తేల్చుకోవలసి వచ్చింది. అంటే క్రైస్తవులు ఆడే ఆటలోకి చక్రవర్తే దిగాడు. చాలామంది క్రైస్తవులు భయపడి బలి ఇచ్చారు, కొందరు లంచమిచ్చి రసీదు కొనుక్కున్నారు, రోమ్ బిషప్పు ఫేబియన్‌తో సహా కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 251లో డేసియస్ గోత్ అనే జర్మన్ తెగతో యుద్ధంలో చచ్చాడు. అదే ఏడాది రోమ్ కొత్త బిషప్పు కార్నేలియస్ రాసిన ఒక ఉత్తరంలో తన సంఘం లెక్క చెప్పాడు: 46 మంది పెద్దలు, 7గురు డీకన్లు (పరిచారకులు), 7గురు ఉపడీకన్లు, 42 మంది సహాయకులు, దయ్యాలు వదిలించేవాళ్లు, చదివేవాళ్లు, ద్వారపాలకులు కలిపి 52 మంది, వీళ్లు కాక సంఘం పోషిస్తున్న వితంతువులూ దిక్కులేనివాళ్లూ 1,500 మందికి పైగా. అంత పెద్ద దెబ్బ తిన్న మరుసటి ఏడాదే ఒక్క నగరంలో పదిహేను వందల మందికి అన్నం పెడుతున్నారు. రోమ్‌లోని ఏ గుడికీ ఇలాంటి పద్దు లేదు.

ఇంకా దగ్గరగా చూడాలంటే ఉత్తర ఆఫ్రికాలోని సిర్టా పట్టణానికి రండి. 303 మే 19. డయొక్లీషియన్ చక్రవర్తి ఆజ్ఞ మేరకు నగర అధికారి క్రైస్తవులు కూడే ఇంటిని సోదా చేయించాడు. గుమాస్తా రాసిన జాబితా ఇప్పటికీ ఉంది. బంగారు గిన్నెలు రెండు, వెండి గిన్నెలు ఆరు, దీపాలు. ఆ తర్వాత: ఆడవాళ్ల అంగీలు 82, మగవాళ్ల అంగీలు 16, మగవాళ్ల చెప్పులు 13 జతలు, ఆడవాళ్ల చెప్పులు 47 జతలు. సోదాకు వెళ్లినవాళ్లు దేవుణ్ణి వెతుకుతూ వెళ్లి బట్టల కొట్టులో పడ్డట్టుంది. ఈ జాబితా తరగతిలో చదివినప్పుడల్లా పిల్లలు నిశ్శబ్దమైపోయేవారు. పేదలకు, అందులోనూ ఆడవాళ్లకు పంచడానికి దాచిన సరుకు అది. క్రైస్తవం ఎందుకు పెరిగిందని నన్ను ఒకే ఒక్క కాగితం చూపించమంటే ఇదే చూపిస్తాను.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి మరో కాగితం. క్రీ.పూ. 1లో, పని మీద అలెగ్జాండ్రియా వెళ్లిన హిలారియన్ అనే ఈజిప్టు మనిషి గర్భిణి అయిన భార్యకు రాశాడు. నిన్ను ఎలా మరిచిపోతాను, బెంగపడకు అంటాడు. అదే ఉత్తరంలో, ప్రసవమైతే, మగపిల్లవాడైతే ఉంచు, ఆడపిల్ల అయితే పారేయి అంటాడు. అతనేమీ రాక్షసుడు కాదు, ఆ కాలపు మామూలు భర్త. పుట్టిన బిడ్డను పారేయడం పాపమని క్రైస్తవులు ఖండితంగా చెప్పారు. భర్త పోయిన స్త్రీ రెండేళ్లలో మళ్లీ పెళ్లి చేసుకోకపోతే ఆస్తి హక్కులకు కోత పెట్టేది అగస్టస్ చట్టం. క్రైస్తవ సంఘం వితంతువుగానే ఉంటానన్న స్త్రీకి గౌరవమూ, అవసరమైతే తిండీ ఇచ్చింది. మూడో శతాబ్దం మధ్యలో మహమ్మారి వచ్చినప్పుడు ఇరుగుపొరుగు రోగులను వీధుల్లోకి తోసేస్తే క్రైస్తవులు దగ్గరుండి సేవ చేసి తామూ చచ్చిపోయారని అలెగ్జాండ్రియా బిషప్పు డయొనీసియస్ రాశాడు. తనవాళ్ల గురించి తాను రాసుకున్న మాట, కాస్త తగ్గించే చదవాలి. కానీ జ్వరంతో పడున్నవాడికి మంచినీళ్లు, గంజి అందిస్తే వైద్యం లేకపోయినా బతికేవాళ్లు ఉంటారు. అలా లేచినవాడు తర్వాత ఎవరి వైపు నడుస్తాడో చెప్పనక్కరలేదు.

303లో మొదలైన డయొక్లీషియన్ హింస అన్నిటికంటే పెద్దది. చర్చీలు కూల్చారు, గ్రంథాలు తగలబెట్టారు, తూర్పున ఎనిమిదేళ్లు సాగింది. ఫలితం లేదు. 311 ఏప్రిల్‌లో, దాన్ని అందరికంటే గట్టిగా నడిపించిన గలేరియస్ చక్రవర్తే రోగంతో మంచాన పడి ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. క్రైస్తవులు తమ దేవుణ్ణి మా క్షేమం కోసం కూడా ప్రార్థించాలి అని అందులో రాయించి, కొద్ది రోజులకే చనిపోయాడు. కాన్‌స్టాంటైన్ ఇంకా క్రైస్తవం వైపు తిరగకముందే రోమన్ ప్రభుత్వం ఓడిపోయిందన్నమాట.

ఇక కాన్‌స్టాంటైన్. 312 అక్టోబరు 28న రోమ్ బయట మిల్వియన్ వంతెన దగ్గర ప్రత్యర్థి మాక్సెంటియస్‌ను ఓడించాడు. మాక్సెంటియస్ టైబర్ నదిలో మునిగి చచ్చాడు. యుద్ధానికి ముందు కలలో ఆదేశం వచ్చి డాళ్ల మీద క్రీస్తు గుర్తు వేయించాడని క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ రాశాడు. మిట్టమధ్యాహ్నం సూర్యుడి మీద వెలుగు సిలువ కనిపించిందని చక్రవర్తే ఒట్టేసి చెప్పాడని బిషప్పు యూసేబియస్ చాలా ఏళ్ల తర్వాత రాశాడు. కథ చెప్పేకొద్దీ పెరిగింది. 315లో రోమ్‌లో అతనికి కట్టిన విజయతోరణం మీద క్రీస్తు పేరు లేదు, “దైవ ప్రేరణతో” అని మాత్రమే ఉంది. ఏ దేవుడో చదివినవాడి ఇష్టం. అతని నాణేల మీద సూర్యదేవుడు మరో పదేళ్లు కొనసాగాడు. 321లో ఆదివారం సెలవు ఇచ్చినప్పుడు దాన్ని పూజనీయమైన సూర్యుడి దినం అన్నాడు. బాప్తిస్మం తీసుకున్నది 337లో, చావు మంచం మీద. దీన్ని బట్టి అంతా రాజకీయ నాటకం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. సైన్యంలోనూ సెనేటులోనూ అత్యధికులు పాత దేవతల వాళ్లే అయినప్పుడు నూటికి పదిమంది ఉన్న వర్గం పక్షాన నిలబడటం తెలివైన రాజకీయం అనిపించుకోదు. అతను నమ్మాడు, ఆ నమ్మకం స్పష్టపడటానికి పాతికేళ్లు పట్టింది.

కాన్‌స్టాంటైన్ ఎవరినీ బలవంతంగా మార్చలేదు. 313లో సహ చక్రవర్తి లిసినియస్‌తో కలిసి మిలాన్‌లో చేసుకున్న ఒప్పందం, క్రైస్తవులకూ ఇతరులందరికీ తమకు నచ్చిన దేవుణ్ణి కొలుచుకునే స్వేచ్ఛ ఉందని చెబుతుంది. కానీ డబ్బు ప్రవాహం దిశ మార్చేశాడు. లాక్కున్న ఆస్తులు తిరిగి ఇప్పించాడు, లాటరాన్‌లోనూ పేతురు సమాధి మీదా మహా కట్టడాలు కట్టించాడు, చర్చికి వీలునామా రాసే హక్కు కల్పించాడు. చర్చి సేవకులకు పట్టణ మండలి బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చాడు. పట్టణ మండలి సభ్యుడంటే పన్నులు వసూలు కాకపోతే సొంత జేబు నుంచి కట్టవలసినవాడు. మినహాయింపు సంగతి తెలియగానే డబ్బున్న పెద్దమనుషులకు ఉన్నట్టుండి దైవసేవ మీద ఎంత మనసు పుట్టిందంటే, కొన్నేళ్లకే వాళ్లు చర్చి ఉద్యోగాల్లో చేరకుండా అడ్డుకుంటూ చట్టం చేయవలసి వచ్చింది.

ఆ తర్వాత పెద్దల ఇళ్లు మారడం మొదలైంది, అదీ బింకంగా. రోమ్‌లో విక్టోరినస్ అని పెద్ద అలంకార శాస్త్ర పండితుడు, ట్రాజన్ కూడలిలో ఆయన విగ్రహం ఉండేది. ముసలితనంలో బైబిలు చదివి మనసు మారి, మిత్రుడైన ఒక చర్చి పెద్దతో “నేను అప్పుడే క్రైస్తవుణ్ణి” అని చాటుగా అనేవాడట. నిన్ను చర్చిలో చూసేదాకా నమ్మను అనేవాడు ఆ పెద్ద. “అయితే మనిషిని క్రైస్తవుణ్ణి చేసేది గోడలా?” అని విక్టోరినస్ నవ్వేవాడు. అతనికి భయం దేవుడి గురించి కాదు, తోటి పెద్దమనుషులు ఏమంటారోనని. చివరికి ఒకరోజు పద, చర్చికి పోదాం అని లేచాడు. అందరి ముందూ విశ్వాసం ప్రకటించాడు. తర్వాత బిషప్పు అయిన అగస్టీన్ చెప్పిన కథ ఇది. నా దృష్టిలో నాలుగో శతాబ్దమంతా ఈ ఒక్క నవ్వులో ఉంది. మనసు ఎప్పుడో మారింది, నలుగురిలోకి రావడమే ఆలస్యం.

నలుగురిలోకి వచ్చాక సిగ్గు ఇటువైపు నుంచి అటువైపుకు మారింది. 366లో రోమ్ బిషప్పు పదవి కోసం డమాసస్, ఉర్సినస్ వర్గాలు కొట్టుకుంటే ఒక్క రోజున ఒక్క చర్చిలో 137 శవాలు లేచాయి. పాత దేవతల పక్షపు ప్రముఖుడు ప్రెటెక్స్‌టాటస్ ఆ డమాసస్‌తో, “నన్ను రోమ్ బిషప్పును చెయ్యి, వెంటనే క్రైస్తవుణ్ణి అయిపోతాను” అని పరిహాసమాడేవాడట. పేదల బట్టలు దాచుకున్న సిర్టా ఇంటికీ దీనికీ మధ్య అరవై మూడేళ్లే.

పాత మతాన్ని నిలబెట్టాలని నిజంగా ప్రయత్నించిన చక్రవర్తి జూలియన్, 361 నుంచి 363 దాకా. కాన్‌స్టాంటైన్ తమ్ముడి కొడుకు, క్రైస్తవుడిగా పెరిగి దాన్ని వదిలినవాడు. రోగం ఎక్కడుందో ఇతనికి తెలుసు. గలేషియా ప్రధాన పూజారికి ఉత్తరం రాస్తూ, ఆ గలిలయవాళ్లు (క్రైస్తవులను అతను అలాగే అనేవాడు) తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకు మన నుంచి సాయం లేదన్నది అందరికీ కనిపిస్తోంది, సిగ్గుచేటు అన్నాడు. ఊరూరా సత్రాలు పెట్టమన్నాడు, ధాన్యం కేటాయించాడు. 362లో సిరియాలోని అంతియొకయ నగరం దగ్గర దఫ్నెలోని అపొల్లో గుడికి వార్షిక ఉత్సవం రోజున ఉత్సాహంగా వెళ్లాడు. బలిపశువులు, ధూపం, తెల్లబట్టల్లో కుర్రాళ్ల మేళం ఉంటాయని ఊహించుకున్నాడు. గుడిలో ఏమీ లేదు. నగరం తరఫున ఏం తెచ్చారని అడిగితే పూజారి, నగరం ఏమీ ఏర్పాటు చేయలేదు, నేనే మా ఇంటి నుంచి ఒక బాతును తెచ్చాను అన్నాడు. జూలియన్ స్వయంగా రాసుకున్న సంగతి. గుడికి భక్తులే గాని సభ్యులు లేరన్నది ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఆ గుడిని అంతియొకయలో ఎవరూ ద్వేషించలేదు. ఉత్సవం తన పని అనుకున్నవాడు మాత్రం ఒక్కడూ మిగల్లేదు.

జూలియన్ మరుసటి ఏడాదే పర్షియా యుద్ధంలో చనిపోయాడు. అతను గుళ్లకు తిరిగి ఇచ్చిన భూములను తర్వాతి చక్రవర్తులు మళ్లీ ఖజానాలో కలిపేసుకున్నారు. గ్రేషియన్ చక్రవర్తి “పొంటిఫెక్స్ మాక్సిమస్”, అంటే ప్రధాన పూజారి అన్న బిరుదును వదులుకున్నాడు. అంతదాకా క్రైస్తవ చక్రవర్తులు కూడా దాన్ని మోస్తూనే వచ్చారు. చిన్న పక్కమాట: మన నల్లగొండ ప్రాంతంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో తిబేరియస్ చక్రవర్తివి ఉన్నాయి. యేసును సిలువ వేసింది అతని కాలంలోనే. తిబేరియస్ నాణేల్లో బాగా వ్యాపించిన రకం మీద ఈ బిరుదే పొట్టి అక్షరాల్లో ఉంటుంది. 382లో గ్రేషియన్ రోమ్ పూజలకూ, అగ్నిని కాపాడే వెస్టా కన్యలకూ ఇచ్చే ప్రభుత్వ డబ్బు ఆపేశాడు, సెనేటులోని విజయదేవత బలిపీఠాన్ని తీయించాడు.

384లో నగరాధ్యక్షుడు సిమ్మాకస్ దీని మీద విన్నపం పెట్టాడు. అంతటి మహా రహస్యాన్ని చేరడానికి దారి ఒక్కటే ఉండదు అన్నది అతని మాట. “ఏకం సత్” విని పెరిగిన మన చెవికి ఆ వాక్యం చుట్టం మాటలాగే వినిపిస్తుంది, నా సానుభూతి కూడా అతని వైపే. కానీ మిలాన్ బిషప్పు అంబ్రోస్ ఇచ్చిన జవాబు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది: మీ గుళ్లు ఎంతమంది బందీలను డబ్బు కట్టి విడిపించాయి, ఎంతమంది పేదలకు తిండి పెట్టాయి, లెక్క చెప్పండి అన్నాడు. సిమ్మాకస్ దగ్గర ఆ పద్దు లేదు.

కత్తి సంగతి అడిగారు. అదీ ఉంది, అయితే ఎక్కువగా చివర్లో. 380 ఫిబ్రవరిలో థియొడోసియస్ చక్రవర్తి అందరూ రోమ్, అలెగ్జాండ్రియా బిషప్పులు చెప్పే విశ్వాసాన్నే అనుసరించాలన్నాడు. 391, 392లో బలులు నిషేధించాడు. 392 నాటి చట్టం ఇంట్లో లారెస్ ముందు దీపం పెట్టడాన్నీ, ధూపం వేయడాన్నీ, పూలదండ కట్టడాన్నీ కూడా నేరం చేసింది. ఇలవేల్పు దాకా వచ్చింది రాజ్యం. అలెగ్జాండ్రియాలో సెరాపిస్ మహాలయాన్ని ఆ రోజుల్లోనే గుంపు కూల్చింది. 415లో అదే నగరంలో గణిత పండితురాలు హైపేషియాను క్రైస్తవ గుంపు చంపింది. మరోపక్క అదే థియొడోసియస్ 391లో సిమ్మాకస్‌ను కాన్సుల్ అనే పెద్ద గౌరవ పదవిలో కూర్చోబెట్టాడు. చట్టం ఒకటి, ఆచరణ ఒకటి. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి మిగిలినవాళ్లందరూ బాప్తిస్మం తీసుకోవాలని శాసించాడంటే, అప్పటికీ మిగిలినవాళ్లు ఉన్నారనే కదా. వాళ్లలో పల్లెలవాళ్లు ఎక్కువ. పాత మతస్థుణ్ణి లాటిన్‌లో “పాగానుస్” అనేవారు, ఆ మాటకు మొదటి అర్థం పల్లెటూరివాడు.

మారినవాళ్లైనా ఎంత మారారన్నది మరో ప్రశ్న. అగస్టీన్ తల్లి మోనికా ఆఫ్రికాలో అలవాటైన ప్రకారం మిలాన్‌లో అమరవీరుల సమాధుల దగ్గరికి అంబలి, రొట్టె, ద్రాక్షసారా బుట్టలో పెట్టుకుని వెళితే ద్వారపాలకుడు ఆపాడు: బిషప్పు వద్దన్నారు, ఇది పాత పితృ పూజలా ఉందట. ఆమె మారుమాట లేకుండా వెనక్కి తిరిగింది. అందరూ మోనికాలు కాదు. ఐదో శతాబ్దం మధ్యలో, గుళ్ల తలుపులు మూతపడి రెండు తరాలు గడిచాక, పోపు లియో క్రిస్మస్ ప్రసంగంలో జనం మీద విసుక్కున్నాడు. తెల్లవారుజామున ప్రార్థనకు వచ్చినవాళ్లు సెయింట్ పీటర్ చర్చి మెట్లెక్కి, లోపలికి అడుగుపెట్టబోయే ముందు వెనక్కి తిరిగి, పొడుస్తున్న సూర్యుడికి మెడ వంచి దండం పెట్టి మరీ వెళుతున్నారట.